పదకొండు సెకన్ల గురవయ్య

కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు తప్పు ఒప్పుకోవడం మీరెప్పుడైనా చూశారా? మేం ఒప్పుకోం. సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అంటాం. కరెంటు హెచ్చుతగ్గులు అంటాం. మరీ గట్టిగా నిలదీస్తే, మీరేమైనా నొక్కారా అని ఎదుటివాళ్ళ మీదికే తోసేస్తాం. నంద్యాల శ్రీనివాస సెంటర్ పక్క సందులో పదిహేనేళ్ళుగా షాపు నడుపుతున్నాను, ఈ మూడు మాటలతో బయటపడని వారం లేదు. ఆళ్ళగడ్డలో మా చిన్నాయన ముందు మాత్రం ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ఎందుకంటే తప్పు పూర్తిగా నాదే.

చిన్నాయన పేరు సుబ్బరాయుడు. మా నాయనకు తమ్ముడు, రాతి శిల్పి. మా ఇంట్లో ఉలి వదిలేసి మౌస్ పట్టిన మొదటిదాన్ని నేనే. అందుకు ఆయనకు నా మీద కోపం లేదు, జాలి ఉంది. "రాయయితే చెప్పిన మాట ఇంటాది పాపా. ఆ డబ్బా ఎవురి మాటా ఇనదు" అంటాడు. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. షాపుకొచ్చేవాళ్ళంతా నాగవేణి మేడం అంటారు. ఆయనకు నేనింకా పాపనే.

అలా అంటూనే డబ్బా ఒకటి ఆయనా పెట్టుకున్నాడు. విగ్రహాల కొలతలు, బొమ్మలు, చేయించుకునేవాళ్ళు ఇచ్చే ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. రాతి దుమ్ము పడకుండా మా చిన్నమ్మ కృష్ణకుమారి దానికి పాత చీర కప్పుతుంది. పోయిన ఉగాదికి నేనొక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకెళ్ళి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, రోజూ రాత్రి తొమ్మిదింటికి దానంతటదే కాపీ తీసుకునేటట్టు పెట్టి వచ్చాను. "ఇది ఇరవైనాలుగు గంటలూ ఇట్లే ఉండాల" అని చెప్పడం మాత్రం మర్చిపోయాను. దానికి బదులు, ఆయనకు తెలిసే భాషలో చెబుదామని తెలివికి పోయి, "దీన్ని నీ ఉలి మాదిరి జూసుకో చిన్నాయనా" అన్నాను.

కార్తీకం వెళ్ళిన తర్వాతి సోమవారం, పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాలం చెల్లిందని, కొత్తది ఎక్కిద్దామని పొద్దున్నే ఆళ్ళగడ్డ బస్సెక్కాను. చిన్నమ్మ ఉగ్గాని, బజ్జీ పెట్టింది. తిని, చీర తీసి, కంప్యూటర్ ఆన్ చేశాను. బ్యాకప్ గుర్తు మీద ఆకుపచ్చ టిక్కు కనిపించింది. ఇంకేం, అన్నీ భద్రంగా ఉన్నాయనుకున్నాను. తెరిచి చూడలేదు. ఇదే పని నా కస్టమర్ చేసి ఉంటే నిలబెట్టి కడిగేసేదాన్ని.

అప్‌గ్రేడ్ సగం దాటాక లోపలి పాత హార్డ్ డిస్క్ టక్‌మంది. మళ్ళీ టక్‌మంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా అది తిరగలేదు. మూడేళ్ళ రాతి దుమ్ము తిన్న డిస్కు, అంత పెద్ద పనికి తట్టుకోలేక ప్రాణం విడిచింది.

నేను బెదరలేదు. సంచిలో కొత్త డిస్కు ఉంది. అది బిగించి కొత్త సిస్టమ్ ఎక్కించాను. అన్నీ బ్యాకప్‌లోంచి వెనక్కి తెచ్చుకోవడమే మిగిలిందని చెప్పాను. చిన్నాయన చేతుల దుమ్ము దులుపుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"కొలతలు మళ్ళా గీసుకుంటాగానీ, బాలమ్మ ఈడియో ఉండాదేమో అది జూడు ముందు."

"ఏ బాలమ్మ?"

అప్పుడు చెప్పాడు. ఆత్మకూరు అవతల నల్లమల అంచున ఒక చెంచుగూడెం. అక్కడి గురవయ్య అడవిలో వాచరుగా పనిచేసేవాడు. పోయిన ఎండాకాలం అడవి అంటుకుంటే పచ్చి మండలతో మంట కొట్టి, ఇద్దరు మేకలకాపరులను అవతలికి దాటించి, తాను పొగలో పడి చనిపోయాడు. గూడెం ముందర అతని విగ్రహం పెట్టుకోవాలని అందరూ అనుకున్నారు. తల, భుజాల వరకు, నల్లరాతిలో. గురవయ్యకు ఉన్న ఒకే ఒక్క ఫోటో పనికార్డు మీదది. అందులో ముఖం బిగుసుకుపోయి, ఎవరో తిట్టబోతున్నట్టు ఉంటుంది. అతని భార్య బాలమ్మ ఆ కార్డు చూపించి, "ఇది ఆయప్ప గాదన్నా. ఇది సర్కారోళ్ళకు జూపించే మొగం. ఇంట్లో మొగం ఈడుండాది" అని తన ఫోను ఇచ్చిందట. అందులో ఆమె తీసిన వీడియో ఉంది. పదకొండు సెకన్లు. అందులో గురవయ్య నవ్వుతాడు. చిన్నాయన ఆ వీడియో కంప్యూటర్లోకి ఎక్కించుకుని ఫోను తిరిగిచ్చేశాడు. దీపావళి తర్వాత ఆ ఫోను వాగులో పడి పాడైపోయింది. ఎంత ఎండబెట్టినా బతకలేదు.

"అంటే ఆ మనిషి నవ్వేది ఈ డబ్బాలో తప్ప యాడా లేదా?" అన్నాను.

"యాడా లేదు. బేస్తవారం ఆయమ్మ వస్తాండాది, కండ్లు తెరిసే పొద్దుకు."

చిన్నాయన పనిలో కళ్ళు చివరికి చెక్కుతారు. విగ్రహం చేయించుకున్నవాళ్ళు దగ్గర ఉండగానే చెక్కుతారు. భుజాలు, మెడ, చెవులు అయిపోయాయి. ముఖం ఇంకా మొద్దుగానే ఉంది. గోనెపట్ట కప్పి ఉంచాడు. వీడియో చూసుకుంటూ ఈ మూడు రోజులూ ముఖం చేద్దామని ఆగాడు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించి డిస్కు తగిలించాను. 'బ్యాకప్ ఉన్న చోటు కనబడటం లేదు' అంది. కళ్ళ ముందు డిస్కు వెలుగుతోంది, కనబడటం లేదంటుంది. కాసేపటికి పట్టుకున్నాను: పాత సిస్టమ్‌లో ఆ డిస్కుకు ఎఫ్ అని పేరు, కొత్త సిస్టమ్ డి అని పెట్టుకుంది. పాత పేరు పెట్టాను. అప్పుడు కనబడింది. హమ్మయ్య అనుకునేలోపల ఇంకో మాట వేసింది: 'ఇది పాత వెర్షన్‌లో తీసిన బ్యాకప్. తెరవలేము.' తీసింది నువ్వే కదే తల్లీ! పాత వెర్షన్ ఎక్కిద్దామంటే కొత్త సిస్టమ్ దాన్ని గడప తొక్కనివ్వదు. కంపెనీ హెల్ప్‌లైన్‌కి రాస్తే ఏదో యంత్రం జవాబిచ్చింది, నా సహనానికి ధన్యవాదాలట. నాకు సహనం ఉందని దానికెవరు చెప్పారో.

ఇలా కుస్తీ పడుతుండగానే పొద్దు గూకింది. చిన్నమ్మ దీపం పెట్టింది. చిన్నాయన తడిబట్ట పట్టుకుని వచ్చి, నా ముందు నుంచే డిస్కు వైరు టప్పున పీకాడు.

"ఏయ్ చిన్నాయనా! ఏంది జేస్తాండావ్?"

"దీపం పెట్నారు గదా. పెట్టెలో పెట్టల్ల."

"పెట్టెలో పెట్టేదేంది?"

"నువ్వే గదమ్మే జెప్పినావ్, ఉలి మాదిరి జూసుకోమని."

డిస్కును నాలుగు వైపులా తుడిచి, ఉలుల పెట్టెలో సన్న ఉలి పక్కన పడుకోబెట్టి మూత వేశాడు. మా వాళ్ళ పద్ధతి అది. దీపం పెట్టాక పనిముట్టు బయట ఉండకూడదు. కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టాలి, తెల్లారేదాకా తీయకూడదు. మా నాయన కూడా అలాగే పెట్టేవాడు. ఆ పెట్టె చప్పుడు వింటూ పెరిగినదాన్ని నేను. ఉలిని ఎట్లా చూసుకుంటారో మర్చిపోయి, ఉలి మాదిరి చూసుకోమని చెప్పిన తెలివిగలదాన్ని కూడా నేనే.

"రోజూ తీస్తావా చిన్నాయనా?"

"ఉగాది నుంచి ఒక్కపొద్దు గూడా మర్సిపోలేదు" అన్నాడు గర్వంగా.

రోజూ రాత్రి తొమ్మిదింటికి బ్యాకప్ జరగాలి. రోజూ రాత్రి తొమ్మిదింటికి డిస్కు పెట్టెలో నిద్రపోతోంది. ఆ ఆకుపచ్చ టిక్కుకు అర్థం బ్యాకప్ అయిందని కాదు, టైము పెట్టి ఉందని మాత్రమే. గురవయ్య నవ్వు ఆ డిస్కులోకి ఎప్పుడూ ఎక్కి ఉండదు. చచ్చిన డిస్కును హైదరాబాదు పంపితే నెల పడుతుంది, అప్పటికైనా దొరుకుతుందన్న పూచీ లేదు.

ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పాను. నేను తెరిచి చూడకుండా పని మొదలుపెట్టాననీ, తప్పు నాదేననీ చెప్పాను. తిడతాడని కాచుకున్నాను. మాటకు ముందు తిట్టే మనిషి, ఉప్పు తక్కువైనా చిన్నమ్మను నాలుగు మాటలనే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్ళి గోనెపట్ట తీసి ఆ ముఖం లేని రాయిని చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే నాకు అన్నం సయించేది.

"గుర్తుండే కాడికి చెక్కలేవా?" అని మెల్లగా అడిగాను.

"చెక్కచ్చు. ఎవురో ఒకడు నవ్వుతాడు. బాలమ్మ మొగుడు నవ్వడు" అన్నాడు.

ఒక్కటే దారి కనిపించింది. నంద్యాల షాపులో ఒక మూల పాత కంప్యూటర్ ఉంది, పాత సిస్టమ్‌తోనే, నెట్ తగిలించకుండా, ఇలాంటి ముసలి డిస్కుల కోసమే దాచిపెట్టాను. అందులో పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఉంది. కనీసం ఆ బ్యాకప్ తెరిచి లోపల ఏముందో చూడొచ్చు. అప్పటికప్పుడే బయలుదేరతానన్నాను. దీపం పెట్టాక పనిముట్టు గడప దాటదని చిన్నాయన అడ్డం నిలబడ్డాడు. ఆ మాటకు నేను గొడవపడలేకపోయాను. గొడవపడే మొహం నాకెక్కడుంది?

తెల్లారి మొదటి బస్సుకు, చిన్నమ్మ టవల్లో చుట్టిచ్చిన డిస్కును ఒళ్ళో పెట్టుకుని నంద్యాల వచ్చాను. షట్టర్ సగం ఎత్తి లోపలికి దూరాను. పాత కంప్యూటర్ గుక్కతిప్పుకుని లేచింది. డిస్కు తగిలించాను. తెరుచుకుంది.

రోజువారీ జాబితా చూశాను. తప్పిపోయిన రాత్రిని, మర్నాడు డిస్కు తగిలించగానే ఆ సాఫ్ట్‌వేర్ అందులో రాసిపెడుతుంది. ఉగాది రోజు ఆకుపచ్చ, నేను తగిలించి కూర్చున్నాను కాబట్టి. మర్నాటి నుంచి ఎరుపు. డిస్కు దొరకలేదు, డిస్కు దొరకలేదు, డిస్కు దొరకలేదు. ఏప్రిల్ ఎరుపు, మే ఎరుపు, జూన్ ఎరుపు. కిందికి జరుపుతూ పోతున్నాను. సెప్టెంబరంతా ఎరుపే. నాకు ఏడుపొచ్చేస్తోంది. అక్టోబరు ఒకటో తేదీ దగ్గర ఆకుపచ్చ.

మొదట నా కళ్ళను నమ్మలేదు. రాత్రి తొమ్మిది గంటలకు మొదలు, తొమ్మిదీ నలభైకి ముగింపు. పూర్తయింది. ఆ కింద రెండో తేదీ నుంచి మళ్ళీ ఎరుపు.

చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయనది బటన్ల ఫోను, మూడోసారికి ఎత్తాడు.

"చిన్నాయనా, అక్టోబరు ఒకటో తేదీ రాత్రి డిస్కు పెట్టెలో పెట్టలేదా నువ్వు?"

"పెట్టకుండా యాడ ఉంటా? రోజూ పెడ్తా."

"పెట్టలేదు. ఆ పొద్దు ఏమైంది, గుర్తు దెచ్చుకో."

అవతల క్యాలెండర్ తిప్పుతున్న చప్పుడు. చిన్నమ్మ గొంతు వినిపించింది. "ఆ పొద్దు ఆయుధపూజ గదా వేణీ! పనిముట్లన్నిటికీ పసుపుకుంకుమ పెట్టి పూజ జేసినాం. నీ డబ్బాకు గూడా పెట్టినాం. పూజ జేసినాక మర్నాడు దాకా ఏదీ ముట్టుకోగూడదు. యాడియాడ ఉన్నెవి ఆడనే ఉండినాయి."

కంప్యూటర్ పక్కన తగిలించి ఉన్న డిస్కు, బొట్టు పెట్టించుకుని, ఆ రాత్రి కదలకుండా ఉంది. ఉగాది తర్వాత అదొక్క రాత్రే.

"బాలమ్మ ఫోను ఇచ్చింది పండగకు ముందా, తర్వాతా?" అన్నాను.

చిన్నాయన తడబడ్డాడు. "దీపావళికి ముందే. అదయితే గ్యారంటీ. దసరాకు ముందో ఎనకో..."

"ముందే" అంది చిన్నమ్మ. "పండగ ముందర శనివారం. సున్నం కొడతాంటే వచ్చింది ఆయమ్మ. గోడలు తడిగా ఉన్నాయని బయట్నే కూసోబెట్టి అన్నం పెట్టినా."

"ఆ పొద్దే ఎక్కించినావా కంప్యూటర్లోకి?"

"ఎక్కించినట్టే ఉండాది పాపా" అన్నాడు. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

వెనక్కి తెచ్చే మీట నొక్కాను. గీత నిండుతూ వచ్చింది. వేంకటేశ్వరుడి కొలతలు వచ్చాయి, నందుల బొమ్మలు వచ్చాయి, ఎవరో సర్పంచు ఫోటోలు పద్నాలుగు వచ్చాయి. ఫోను పట్టుకునే ఉన్నాను, వచ్చినవి వచ్చినట్టు అవతల ఇద్దరికీ చదివి వినిపిస్తున్నాను. అన్నిటికంటే చివర్న 'బాలమ్మ' అని ఒక ఫోల్డర్. అందులో ఒకే ఒక్క ఫైలు.

తెరిచాను. గుడిసె ముందు ఒక మనిషి కూర్చుని కత్తితో అడవి దుంప చెక్కు తీస్తున్నాడు. ఫోను తన వైపు తిరిగిందని చూశాడు. మొహం బిగించుకోబోయాడు, కార్డు మీద ఉన్నట్టే. చేతకాలేదు. ముందు ఎడమ బుగ్గ లేచింది, తర్వాత పెదవులు విచ్చుకున్నాయి, పక్కపన్ను ఒకటి లేదు. "పోయే" అన్నాడు, పోవే అని కసరబోయి, నవ్వు ఆపుకోలేక. అంతే, అయిపోయింది.

"దొరికింది" అన్నాను. ఫోనులో చిన్నాయన గట్టిగా ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నేను కూడా ఏడ్చాను. షట్టర్ కింద నుంచి ఎవరో కస్టమర్ తొంగిచూస్తే, పది నిమిషాలాగి రమ్మన్నాను.

ఆ వీడియోను రెండు పెన్‌డ్రైవుల్లో, నా షాపు కంప్యూటర్లో, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని గానీ మళ్ళీ బస్సెక్కలేదు. ఆళ్ళగడ్డలో కొత్త సిస్టమ్‌లోకి అన్నీ ఎక్కించాను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ని మార్చేశాను, చిన్నాయన పద్ధతి మాత్రం మార్చలేదు. రాత్రి తొమ్మిది తీసేసి మధ్యాహ్నం ఒంటిగంట పెట్టాను, ఆయన అన్నానికి లేచే వేళ. మొదటి బ్యాకప్ అయ్యాక, ఈసారి తెరిచి, ఒక్కో ఫోల్డర్లోకీ వెళ్ళి చూశాను.

చిన్నాయన రెండు రోజులు ఆ పదకొండు సెకన్లనే తిప్పి తిప్పి చూస్తూ చెక్కాడు. ఇంట్లో అందరికీ ఆ "పోయే" కంఠతా వచ్చేసింది. చిన్నమ్మ కాఫీ ఇవ్వబోతే ఆయన "పోయే" అనడం, ఆమె నవ్వడం. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయినవాళ్ళు.

గురువారం బాలమ్మను నంద్యాల బస్టాండులో నేనే కలిసి తీసుకొచ్చాను. నలభై దాటిన మనిషి, బక్కపల్చగా ఉంది, చేతిలో జున్ను గిన్నె. బస్సులో జరిగిందంతా చెప్పేశాను. చెప్పొద్దని చిన్నాయన అన్నాడు, కానీ చెప్పకుండా ఆమె పక్కన కూర్చోలేకపోయాను.

ఆమె జున్ను గిన్నె ఒళ్ళో సర్దుకుని, "దొరక్కపోయుంటే ఏం జేసుండేదానివమ్మా?" అంది.

"తెలీదక్కా. నీ కాళ్ళ మీద పడేదాన్ని."

"నా కాళ్ళతో ఏమొస్తాది?" అంది. తర్వాత జున్ను గిన్నె మూత తీసి, "తిను, పొద్దున్నుంచి ఏం తిన్నట్టు లేవు" అని నా ముందు పెట్టింది.

ఇంటికి రాగానే ముందు వీడియో వేసి చూపించాను. ఫోను పోయాక ఆమె చూడటం అదే మొదటిసారి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నాలుగుసార్లు వేయించుకుంది. కొత్త ఫోను తెచ్చుకుంది, అందులోకీ ఎక్కించాను. తర్వాత చిన్నాయన గోనెపట్ట తీశాడు. ఎడమ బుగ్గ ఎత్తు, విచ్చుకున్న పెదవులు, పక్కపన్ను సందు, అన్నీ ఉన్నాయి. కళ్ళు మాత్రం నున్నటి రాయి.

చిన్నాయన సన్న ఉలి తీసుకుని ఆగాడు. "దేవునికయితే చూపు నేరుగా పెడతాం. మొదటి చూపుకు అద్దం పెడతాం. ఈయప్ప చూపు యాడికమ్మా?"

బాలమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. రెండు రోజులుగా ఆ వీడియో వందసార్లు చూశాం కదా. గురవయ్య ఫోను వైపు చూడడు. ఫోనుకు కొంచెం పైకి, పట్టుకున్న మనిషి మొహం వైపు చూస్తాడు.

"అక్కా, ఆ పొద్దు ఫోను పట్టుకుని యాడ నిలబడినావో ఆడ నిలబడు" అన్నాను.

ఆమె విగ్రహం ముందు అటూ ఇటూ జరిగింది. కొంచెం ఎడమకి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడింది. ఖాళీ చేతులను ఫోను పట్టుకున్నట్టు ఎత్తి, సిగ్గుపడి దించేసింది. "ఈడ" అంది.

చిన్నాయన ఒకసారి ఆమె మొహం చూసి, ఒకసారి రాయి చూసి, కుడికన్ను మొదలుపెట్టాడు. సన్నగా టిక్ టిక్ అంటూ గంటన్నర పట్టింది. ఆమె అక్కడి నుంచి కదలలేదు. చిన్నమ్మ కుర్చీ తెస్తే వద్దంది. ఎడమకన్ను గీత కూడా పూర్తయ్యాక చిన్నాయన దుమ్ము ఊది, పక్కకు తప్పుకున్నాడు.

నేను నిలబడ్డ చోటు నుంచి చూస్తే అది మంచి విగ్రహం, అంతే. ఆమె నిలబడ్డ చోటు నుంచి ఎలా ఉందో నాకు తెలియదు. ఆమె చేయి మాత్రం తలకు పోయింది, రేగిన జుట్టు సవరించుకుంది. కొంగు సర్దుకుంది. మేం ముగ్గురం అక్కడ ఉన్నామన్న సంగతే మర్చిపోయి, గొంతు తగ్గించి, "ఏంది అట్ల జూస్తాండావ్?" అంది.